పంపు కేసింగ్ క్యాడ్ ఫైల్ చేతికొచ్చింది: మెష్‌కి ముందు ఏ దారి పట్టాలి?

సెంట్రిఫ్యూగల్ పంపు కేసింగ్ ఒకటి తీసుకుందాం. పోత ఇనుముది. బయట తయారీదారు పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది, ఫ్లాంజ్ (పైపు బిగించే అంచు) చుట్టూ బోల్టు రంధ్రాలుంటాయి, పోత కాబట్టి ప్రతి మూలా ఫిల్లెట్‌తో గుండ్రంగా ఉంటుంది. డిజైన్ వాళ్ళు దాన్ని స్టెప్ (క్యాడ్ సాఫ్ట్‌వేర్ల మధ్య వాడే ఉమ్మడి ఫార్మాట్) ఫైల్‌గా పంపారు. మీ మీదున్న పనులు రెండు: లోపలి ఒత్తిడికి కేసింగ్ తట్టుకుంటుందా అని చూసే స్ట్రెస్ అనాలిసిస్ ఒకటి, లోపల నీళ్ళు ఎలా పారుతున్నాయో చూసే సీఎఫ్‌డీ ఇంకొకటి. లెక్క కట్టాలంటే ముందు మోడల్‌ని ఎలిమెంట్లనే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాలి, అదే మెష్. ఫైల్ తెరిచి నేరుగా మెష్ బటన్ నొక్కితే చాలాసార్లు మెష్ ఫెయిల్ అవుతుంది. లేదా పాసైనట్టే కనిపించి ఏదో మూలన లక్షల ఎలిమెంట్లు పోగుపడతాయి. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చాలామంది దాన్ని గమనించరు. అందుకే మెష్‌కి ముందు మోడల్‌ని శుభ్రం చేయాలి, అదే క్లీనప్.

కొత్తగా సీఏఈలోకి (కంప్యూటర్ మీద చేసే ఇంజినీరింగ్ అనాలిసిస్) వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది "క్లీనప్‌కి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని. హైదరాబాద్, బెంగళూరు, పుణే, ఏ ఊరి ఆఫీసులో విన్నా ఇదే. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, ఈ మోడల్ మళ్ళీ మారి వస్తుందా? రెండోది, మనకు కావాల్సిన ఫలితం మోడల్‌లో ఏ చోటు నుంచి వస్తుంది? ఈ రెండిటికీ జవాబు దొరికితే సాఫ్ట్‌వేర్ సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

అసలు మోడల్‌లో పగుళ్ళు (ఫేస్‌ల మధ్య సందులు) ఎందుకొస్తాయి

క్యాడ్‌లో సాలిడ్ అంటే లోపల నిండుగా ఉన్న ముద్ద కాదు. చుట్టూ ముక్కలు ముక్కలుగా కుట్టిన తొడుగు. ఫేస్‌లు, వాటి అంచులు, ఆ అంచులు కలిసే మూలలు, అంతే. రెండు ఫేస్‌లు ఒక అంచు దగ్గర కలిశాయా లేదా అన్నది ఆ సాఫ్ట్‌వేర్ కెర్నల్ (ఆకారాల లెక్కలు చేసే లోపలి ఇంజిన్) పెట్టుకున్న టాలరెన్స్‌ని, అంటే ఎంత దూరం లోపుంటే కలిసినట్టే అన్న హద్దుని బట్టి ఉంటుంది. కాటియాలో మామూలుగా అది 0.001 మి.మీ. పారాసాలిడ్ కెర్నల్‌లో 0.00001 మి.మీ., అంటే వంద రెట్లు సూక్ష్మం. కాటియా "కలిసింది" అని ఒప్పుకున్న అంచు పారాసాలిడ్ కంటికి పగులులా కనిపించడంలో వింతేమీ లేదు. డిజైనర్ తప్పు చేయలేదు, ఎగుమతి చేసిన ఫైల్ చెడిపోనూ లేదు. ఇద్దరి కొలబద్దలు వేరు, అంతే.

పగుళ్ళు కాక ఇంకో రకం చెత్త ఉంది, సన్నని ఫేస్‌లు. రెండు ఫిల్లెట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్ళే చోట 0.02 మి.మీ. వెడల్పున దారప్పోగు లాంటి ఫేస్ మిగిలిపోతుంది. స్క్రీన్ మీద చూస్తే మామూలు గీతే. కానీ మెషర్ (మెష్ వేసే ప్రోగ్రామ్) ఆ ఫేస్‌ని గౌరవించి తీరాలి కాబట్టి అక్కడ 0.02 మి.మీ. ఎలిమెంట్లు పెడుతుంది. స్టాటిక్ అనాలిసిస్‌లో దీనివల్ల ఎలిమెంట్ల సంఖ్య పెరుగుతుంది, నాణ్యత పడిపోతుంది. అదే ఫేస్ కారు బాడీ భాగంలో ఉండి క్రాష్ అనాలిసిస్‌కి వెళితే కథ వేరు. క్రాష్‌కి వాడే ఎక్స్‌ప్లిసిట్ సాల్వర్‌లో టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకూ ముందుకు జరిగే సమయం) అన్నిటికంటే చిన్న ఎలిమెంట్‌ని బట్టి ఉంటుంది. శబ్దం ఆ ఎలిమెంట్‌ని దాటే సమయమే దానికి హద్దు, ఉక్కులో శబ్దవేగం సెకనుకు సుమారు 5,000 మీటర్లు. 4 మి.మీ. ఎలిమెంట్‌కి టైమ్ స్టెప్ సుమారు 0.8 మైక్రోసెకన్లు, 100 మిల్లీసెకన్ల క్రాష్‌కి 1.25 లక్షల స్టెప్పులు. 0.02 మి.మీ. ఎలిమెంట్ ఒక్కటి దూరినా టైమ్ స్టెప్ 0.004 మైక్రోసెకన్లకు పడిపోయి స్టెప్పులు 2.5 కోట్లవుతాయి. మాస్ స్కేలింగ్ పెట్టి తప్పించుకోవచ్చు గానీ, ఒక పనికిరాని గీత కోసం మోడల్ బరువు పెంచుకోవడం అన్నమాట.

ఏ ఫార్మాట్‌లో అడగాలి

క్లీనప్‌లో సగం పని ఫైల్ రాకముందే తప్పించుకోవచ్చు. చాలామంది "స్టెప్ పంపండి" అని మెయిల్ కొట్టి ఊరుకుంటారు. ముందు డిజైన్ ఏ సాఫ్ట్‌వేర్‌లో జరిగిందో కనుక్కోండి.

ఎన్‌ఎక్స్, సాలిడ్‌వర్క్స్, సాలిడ్ ఎడ్జ్, ఆన్‌షేప్, ఈ నాలుగూ పారాసాలిడ్ కెర్నల్ మీదే నడుస్తాయి. వీటిలో గీసిన మోడల్ అయితే, మీ ప్రీ-ప్రాసెసర్ (మెష్ సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) పారాసాలిడ్ చదవగలిగితే, స్టెప్ బదులు పారాసాలిడ్ ఫైలే అడగండి. మధ్యలో అనువాదమే ఉండదు, సాలిడ్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఒక్క చిక్కు వెర్షన్‌తో. కొత్త పారాసాలిడ్‌లో రాసిన ఫైల్‌ని పాత రీడర్ తెరవదు. ఎగుమతి చేసేటప్పుడే పాత వెర్షన్ ఎంచుకోమని చెబితే సరిపోతుంది.

కాటియా, క్రియో లాంటివి వేరే కెర్నల్స్ మీద నడుస్తాయి. వాటికి నేటివ్ (ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్) ఫైల్ చదివే ప్లగిన్ మీ దగ్గరుంటే అది, లేకపోతే స్టెప్. స్టెప్‌లోని ఏపీ 203, 214, 242 రకాల గురించి అనవసరంగా టెన్షన్ పడేవాళ్ళున్నారు. రంగులు, లేయర్లు కావాలంటే 214, కొలతల సమాచారం కూడా మోడల్‌తో పాటు రావాలంటే 242. మెషింగ్‌కి కావాల్సిన సర్ఫేస్‌ల వరకు తేడా బాగా తక్కువ. 203లో విరిగిన సర్ఫేస్ 242లో అతుక్కుని వస్తుందని ఆశ పెట్టుకోకండి. దానికంటే, క్రియో మోడల్ అయితే అక్యురసీని రిలేటివ్ నుంచి అబ్సల్యూట్‌కి మార్చి, రీజెనరేట్ చేసి మళ్ళీ ఎగుమతి చేయమని అడగడం ఎక్కువ ఫలితమిస్తుంది.

ఐజెస్ అనే పాత ఫార్మాట్ వద్దు. 1996లో వచ్చిన 5.3 తర్వాత అది ముందుకు కదల్లేదు. ఎక్కువగా విడివిడి సర్ఫేస్‌లుగానే వస్తుంది, ఒక్కో ఫేస్‌ని మీరే కుట్టుకోవాలి. పాత టూలింగ్ డేటా అయితే తప్పదు, కొత్త డిజైన్‌కి మాత్రం ఎవరైనా ఐజెస్ పంపితే వెనక్కి పంపించడమే నయం.

ఎస్‌టీఎల్ గురించి అభిప్రాయాలు రెండు రకాలు. స్ట్రెస్ అనాలిసిస్ చేసేవాళ్ళు దాన్ని చూడగానే మొహం తిప్పేస్తారు, నిజమే, అందులో త్రిభుజాలు తప్ప ఫేస్‌లు, అంచులు, యూనిట్లు ఏవీ ఉండవు. ఓపెన్‌ఫోమ్ (ఉచిత సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్) వాళ్ళకు మాత్రం అందులోని మెషర్ స్నాపీహెక్స్‌మెష్‌కి పెట్టే భోజనమే ఎస్‌టీఎల్. అక్కడ చూసుకోవాల్సింది వేరు. క్యాడ్‌లో గుండ్రటి భాగాలకు త్రిభుజాలు చిన్నవిగా పడేలా ఎగుమతి సెట్టింగు ఉండాలి. ఇన్లెట్, అవుట్లెట్, గోడ, ఇలా ఒక్కోదానికీ పేరు ఉండాలి. ఆ పేర్లు ఆస్కీ (టెక్స్ట్‌గా రాసిన) ఎస్‌టీఎల్‌లోనే నిలుస్తాయి, బైనరీలో పోతాయి.

శుభ్రం ఎక్కడ చేయాలి: క్యాడ్‌లోనా, ప్రీ-ప్రాసెసర్‌లోనా, మెష్‌లోనా

మోడల్ మళ్ళీ వస్తుందా అన్న మొదటి ప్రశ్న ఇక్కడే పనికొస్తుంది.

డిజైన్ ఇంకా నడుస్తోంది, రేపో ఎల్లుండో రివిజన్ వస్తుంది అనుకుంటే, తీసేయాల్సినవి అసలు క్యాడ్‌లోనే తీయించండి. సాలిడ్‌వర్క్స్‌లో అయితే ఒక కాన్ఫిగరేషన్ పెట్టి, అందులో అక్షరాలు, మర గీతలు, బయటి రౌండ్లు సప్రెస్ చేయమని డిజైనర్‌ని అడగండి. ఎన్‌ఎక్స్‌లో అయితే సిమ్యులేషన్ కోసం ఐడియలైజ్డ్ పార్ట్ వేరుగా ఉంటుంది, అసలు పార్ట్ మారితే అదీ మారుతుంది. డిజైనర్‌కి అరగంట పని. మీ వైపు ప్రతి రివిజన్‌కీ అదే పని మొదటి నుంచి చేయాల్సిన బాధ తప్పుతుంది. దీనికి అడ్డొచ్చేది టెక్నాలజీ కాదు, మనుషులు. డిజైన్ టీమ్ ఒక దేశంలో, అనాలిసిస్ మన దగ్గర ఉంటే "అది మా పని కాదు" అనే జవాబే ఎక్కువ వస్తుంది. ప్రాజెక్టు మొదట్లోనే అడిగి ఒప్పించుకుంటే తప్ప మధ్యలో కుదరదు.

క్యాడ్ మీ చేతిలో లేదు, మోడల్ ఒక్కసారికే వచ్చింది, వెండర్ ఇచ్చింది, అలాంటప్పుడు ప్రీ-ప్రాసెసర్ జ్యామెట్రీలోనే సరిచేసుకోవడం మంచిది. ఇక్కడ తప్పుదారి పట్టించేది టాలరెన్సే. పగులు పోవట్లేదని టాలరెన్స్ పెంచుకుంటూ పోతే ఒక దశలో అన్నీ అతుక్కుపోతాయి. దాంతో పాటు నిజంగా ఉండాల్సిన చిన్న అంచులూ కూలిపోతాయి, అసలుకే ఎసరు. ఎలిమెంట్ సైజులో 15 నుంచి 20 శాతం దాటొద్దనేది హైపర్‌మెష్ అనే ప్రీ-ప్రాసెసర్ వాడేవాళ్ళ దగ్గర వినిపించే లెక్క. నేను దానికి ఇంకో షరతు కలుపుతాను: మీరు నిలుపుకోవాలనుకున్న అతి చిన్న ఫీచర్ కంటే టాలరెన్స్ చాలా తక్కువగా ఉండాలి. చిన్న విలువతో మొదలుపెట్టి, ఎన్ని ఫ్రీ ఎడ్జ్‌లు (పక్క ఫేస్‌తో కలవని అంచులు) తగ్గాయో చూస్తూ పెంచండి. చివరి నాలుగైదు మొండి పగుళ్ళ కోసం మొత్తం మోడల్‌కి టాలరెన్స్ పెంచకండి, ఆ ఫేస్‌లు తీసేసి చేత్తో మళ్ళీ కట్టుకోవడం సురక్షితం.

మూడో దారి వర్చువల్ టోపాలజీ. జ్యామెట్రీని ముట్టుకోకుండా, "ఈ పది ఫేస్‌లనీ ఒకటిగా చూడు, ఈ అంచుని పట్టించుకోకు" అని మెషర్‌కి చెప్పడం. అన్సిస్ మెకానికల్‌లో, అబాకస్‌లో ఇదే పేరుతో ఉంది. హైపర్‌మెష్‌లో ఎడ్జ్ సప్రెస్ చేయడం, ఉచిత మెషర్ జీమెష్‌లో కాంపౌండ్ పెట్టడం ఆ కోవవే. పగుళ్ళు లేకుండా సన్నని ఫేస్‌లు మాత్రమే బాధ పెడుతుంటే ముందు ఇదే ప్రయత్నించండి, అన్నిట్లోకీ వేగమైంది. పగుళ్ళను మాత్రం ఇది మూయదు. కోణం బాగా తిరిగే రెండు ఫేస్‌లను కలిపితే ఆ అంచు ఆకారం మెష్‌లో చెదిరిపోతుంది.

నాలుగోది వ్రాపింగ్, అంటే మోడల్ మొత్తం మీద బిగుతుగా ఒక కొత్త పొర కప్పి, ఆ పొరనే మెష్‌కి వాడడం. ఫ్లూయెంట్‌లో ఫాల్ట్-టాలరెంట్ వర్క్‌ఫ్లో, స్టార్-సీసీఎం ప్లస్‌లో సర్ఫేస్ వ్రాపర్ చేసేది ఇదే. కారు ఇంజిన్ బే లాగా వేల పార్ట్స్, వాటి మధ్య పగుళ్ళు, ఒకదాన్నొకటి పొడుచుకున్న పార్ట్స్ ఉన్నప్పుడు వేరే దారి లేదు, చేత్తో శుభ్రం చేస్తే నెలలు పడుతుంది. అయితే మన పంపుకి వ్రాపింగ్ పెట్టే ముందు ఆగండి. తిరుగుతూ నీటిని తోసే ఇంపెల్లర్‌కీ కేసింగ్‌కీ మధ్య వేర్ రింగ్ దగ్గర సందు మిల్లీమీటరులో పావు వంతు, అర వంతు స్థాయిలో ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి వైపు నుంచి కొంత నీరు ఆ సందులోంచే వెనక్కి జారిపోతుంది, పంపు సామర్థ్యం లెక్కలో అది ముఖ్యం. వ్రాప్ సైజు 1 మి.మీ. పెట్టారనుకోండి, ఆ సందు చప్పుడు లేకుండా మూసుకుపోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు. పంపు మాత్రం కాగితం మీద ఉండాల్సినదానికంటే బాగా పనిచేస్తుంది.

ఐదో దారిని చాలామంది నామోషీగా చూస్తారు: మళ్ళీ గీసేయడం. నాలుగు మడతలు, ఆరు రంధ్రాలున్న షీట్ మెటల్ బ్రాకెట్ ఐజెస్‌లో ముక్కలుగా వస్తే, దాన్ని కుట్టే టైమ్‌లో కొత్తగా గీసి మిడ్-సర్ఫేస్ (రేకు మందం మధ్యన ఉండే సర్ఫేస్) కూడా తీసేయొచ్చు. పంపు వొల్యూట్ (ఇంపెల్లర్ చుట్టూ నత్తగుల్లలా తిరిగే నీటి దారి) లాంటి వంపు తిరిగిన సర్ఫేస్‌కి మాత్రం ఇది పనికిరాదు.

ఏది తీయాలి, ఏది ఉంచాలి

ఒకే కేసింగ్‌కి స్ట్రెస్, సీఎఫ్‌డీ రెండూ ఉన్నప్పుడు ఒకే క్లీన్ మోడల్‌తో రెండూ నడిపించాలని అనిపిస్తుంది. వద్దు.

సీఎఫ్‌డీకి కావాల్సింది లోపలి నీటి ఆకారం మాత్రమే. కాబట్టి ముందు ఇన్లెట్, అవుట్లెట్ మూసి ఫ్లూయిడ్ వాల్యూమ్ తీసేయండి, తర్వాత దాన్ని శుభ్రం చేయండి. ఈ వరుస తిప్పి చేసేవాళ్ళు బయటి అక్షరాలు, బోల్టు రంధ్రాలు, కాళ్ళ దగ్గరి రౌండ్లు ఒక్కొక్కటే తీస్తూ రోజంతా కూర్చుంటారు. వాల్యూమ్ తీసిన మరుక్షణం అవన్నీ ఎలాగూ మాయమవుతాయి. మిగిలేది వొల్యూట్ లోపలి ఫేస్‌లు, నాలుక అంచు, సందులు. నాలుక, అంటే వొల్యూట్‌లో నీరు రెండుగా చీలే ఆ సన్నని కొస. దాని రేడియస్‌ని సౌకర్యం కోసం మొద్దుగా చేయకండి. ఒత్తిడి హెచ్చుతగ్గులు పుట్టేదే అక్కడ.

స్ట్రెస్‌కి దీనికి తలకిందులు. బయటి అక్షరాలు పోవాలి, మర గీతలు పోవాలి, అలంకారం కోసం పెట్టిన బయటి రౌండ్లు పోవాలి. లోపలి మూలల ఫిల్లెట్ల దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. ఫ్లాంజ్ వెనక కేసింగ్ గోడ కలిసే మూలలో ఫిల్లెట్ తీసేసి పదునైన మూల పెడితే, అక్కడ స్ట్రెస్‌కి నిలకడైన విలువే ఉండదు. మెష్ సన్నం చేసిన కొద్దీ పెరుగుతూనే పోతుంది. రిపోర్టులో ఏ సంఖ్య రాయాలో కూడా తెలియదు. అలాంటి ఫిల్లెట్ చుట్టూ, 90 డిగ్రీల వంపుకి కనీసం నాలుగు ఎలిమెంట్లు పెట్టుకోవడం నా అలవాటు. లోడ్ పడే దారికి దూరంగా ఉన్న ఫిల్లెట్లు పోయినా నష్టం లేదు. సహజ పౌనఃపున్యాలు మాత్రమే కావాలంటే ఇంకా ఉదారంగా తీసేయొచ్చు. అక్కడ బరువు, బిగువు (వంగకుండా నిలిచే గుణం) సరిగ్గా ఉంటే చాలు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి

రౌండ్లు, రంధ్రాలు, అక్షరాలు వేగంగా తీసేయడమే పనైతే స్పేస్‌క్లెయిమ్‌ని మించింది చూడలేదు. 2014 నుంచి అది అన్సిస్ చేతిలో ఉంది. ఫిల్లెట్ ఫేస్‌లు ఎంచుకుని ఫిల్ నొక్కితే పక్క ఫేస్‌లు పెరిగి మూసుకుంటాయి. చరిత్రతో, ఫీచర్ ట్రీతో పనిలేదు. ఫ్లూయిడ్ వాల్యూమ్ తీయడం, పక్కపక్క బాడీలకు ఉమ్మడి ఫేస్ పంచడం కూడా బాగుంటాయి. చేసే పనిని స్క్రిప్టుగా రికార్డు చేసుకోవచ్చు. అయితే ఆ స్క్రిప్టు ఫేస్ నంబర్ల మీద ఆధారపడితే కొత్త రివిజన్ రాగానే మొదటికే మోసం. పేరుతోనో, సైజుతోనో, చోటుతోనో ఎంచుకునేలా రాసుకోవాలి.

షెల్ మెష్ (పలచటి రేకులకు వేసే మెష్), పెద్ద బాడీ ప్యానెళ్ళు, క్వాడ్ (నాలుగు మూలల) ఎలిమెంట్ల నాణ్యత మీద పట్టు కావాలంటే హైపర్‌మెష్, అన్సా. రెండిట్లో ఏదని వాదించుకోవడం దండగ, మీ క్లయింట్ ఏది వాడితే అది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేవాళ్ళు రంగులు మాత్రం గుర్తుపెట్టుకోండి. హైపర్‌మెష్‌లో ఎరుపు ఫ్రీ ఎడ్జ్, ఆకుపచ్చ రెండు ఫేస్‌లు సరిగ్గా కలిసింది, పసుపు మూడు లేదా అంతకంటే ఎక్కువ ఫేస్‌లు కలిసిన చోటు. అన్సాలో ఎరుపు అదే, కానీ రెండు ఫేస్‌లు కలిసిన మంచి అంచు పసుపు, మూడు కలిస్తే లేత నీలం. హైపర్‌మెష్ అలవాటుతో అన్సా తెరిచి, మోడల్ అంతా పసుపుగా కనిపిస్తే గుండె జారనక్కర్లేదు.

లైసెన్స్ లేని విద్యార్థులకు, చిన్న సంస్థలకు నేను చెప్పేది ఫ్రీక్యాడ్ లేదా సాలోమ్, దాని తర్వాత జీమెష్. మూడూ ఓపెన్ క్యాస్కేడ్ కెర్నల్ మీద నడుస్తాయి కాబట్టి పారాసాలిడ్ కాదు, స్టెప్ తెచ్చుకోండి. ఫ్రీక్యాడ్ పార్ట్ వర్క్‌బెంచ్‌లో జ్యామెట్రీ చెక్ ఉంది, ఫేస్‌లు ఎంచుకుని తీసేసే డీఫీచరింగ్ ఉంది. మామూలు పార్ట్స్‌కి చాలు. పంపు కేసింగ్ స్థాయి ఫిల్లెట్ల మీద మొండికేస్తుంది, చాలాసార్లు ఒక్కో ఫిల్లెట్ గొలుసుని విడివిడిగా తీయాల్సొస్తుంది. సాలోమ్‌లో కుట్టడం, సరిచేయడం మెరుగు, చేసిందంతా పైథాన్ స్క్రిప్టుగా దించుకోవచ్చు. జీమెష్‌లో చిన్న అంచులు, చిన్న ఫేస్‌లు సరిచేసే ఎంపికలు ఇంపోర్ట్ దగ్గరే ఉన్నాయి, చాలా బాడీలున్న మోడల్‌లో ఫ్రాగ్మెంట్స్ వాడితే ఉమ్మడి ఫేస్‌ల మీద మెష్ కలిసిపోతుంది. ఒక జాగ్రత్త: ఎంపిక మార్చకపోతే జీమెష్ స్టెప్ ఫైల్‌ని మిల్లీమీటర్లలో తెరుస్తుంది. ఓపెన్‌ఫోమ్ మీటర్లు అనుకుంటుంది. 300 మి.మీ. కేసింగ్ 300 మీటర్ల కేసింగ్‌గా మారి, అదే వేగానికి రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నెమ్మదిగా పారుతుందా, సుడులు తిరుగుతుందా చెప్పేది) వెయ్యి రెట్లు పెరిగి, సాల్వర్ ఏమీ అనకుండా నడిచిపోతుంది.

స్నాపీహెక్స్‌మెష్ గురించి ఒక మాట. అది చిన్న పగుళ్ళను ఓర్చుకుంటుంది, సెల్ సైజు కంటే చిన్న కంత అయితే మెష్ బయటికి కారదు. కాబట్టి ఎస్‌టీఎల్‌ని అద్దంలా చేయాలని కూర్చోకండి. ముందు ఓపెన్‌ఫోమ్‌లోని సర్ఫేస్‌చెక్ నడిపి, మూసి ఉందా లేదా చూసి, సెల్ కంటే పెద్ద కంతలను మాత్రం మూయండి.

శుభ్రం చేశాక

ఏ దారిలో వెళ్ళినా కొన్ని చెక్‌లు ఒకటే. ఇంపోర్ట్ కాగానే మోడల్ పొడవు, వెడల్పు, ఎత్తు డ్రాయింగ్‌తో పోల్చండి, యూనిట్ల గొడవ అక్కడే పట్టుబడుతుంది. బాడీల సంఖ్య డిజైనర్ చెప్పినంతే ఉందా చూడండి. క్లీనప్‌కి ముందు, తర్వాత వాల్యూమ్ రాసి పెట్టుకోండి. తీసేసిన అక్షరాలు, రౌండ్లకు తగినంత తేడా వస్తే సరే, దానికి పొంతన లేని తేడా వస్తే ఎక్కడో ఒక ఫేస్ కూలిపోయింది. చివరగా, అసలు మెష్‌కి ముందు పెద్ద ఎలిమెంట్లతో ఒక ముతక సర్ఫేస్ మెష్ వేసి, సైజు ప్రకారం చిన్నవాటిని హైలైట్ చేసి చూడండి. మిగిలిపోయిన సన్నని ఫేస్‌లన్నీ గుంపులుగా బయటపడతాయి. ఆ లిస్టు చూసి అక్కడికక్కడే వర్చువల్ టోపాలజీ పెడితే సరి, మళ్ళీ జ్యామెట్రీలోకి దిగే పని ఉండదు.

తీసేసిన ఫీచర్ల జాబితా మాత్రం రిపోర్టులో ఒక పేజీగా, బొమ్మతో సహా పెట్టండి. రివ్యూ మీటింగులో "ఫ్లాంజ్ వెనక ఫిల్లెట్ ఉంచారా, తీసేశారా?" అని డిజైనర్ అడగకుండా వదలరు.